డౌటు ఉందా, ప్రశ్న ఉందా?

విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఏ జూనియర్ కాలేజీ స్టడీ అవర్‌లోకి తొంగి చూసినా తప్పకుండా వినిపించే మాట ఒకటుంది: "సార్, డౌట్." చెయ్యి పైకి లేస్తుంది. లెక్చరర్ వచ్చి బెంచీ పక్కన నిలబడతాడు. ఆగిపోయిన లెక్క ముందుకు సాగుతుంది. ఇక్కడ డౌటంటే ఒక్కటే అర్థం: నాకు తెలియనిది ఒకటుంది, చెప్పండి. గురువును శంకించడం గాని, పాఠాన్ని తప్పు పట్టడం గాని అందులో లేవు. వినయంతో అనే మాట అది.

అదే విద్యార్థి నాలుగైదేళ్లకు ఎమ్మెస్ చదవడానికి టెక్సస్‌కో మిస్సోరీకో వెళ్తాడు. క్లాసయ్యాక ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి అంతే వినయంగా "ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ లెక్చర్" అంటాడు. అక్కడి చెవికి అది "మీరు చెప్పినదాని మీద నాకు నమ్మకం కుదరడం లేదు" అన్నట్టుగా వినిపిస్తుంది. భారతీయ విద్యార్థులతో అలవాటున్న ప్రొఫెసరైతే సర్దుకుంటాడు. అలవాటు లేనివాడు ఒక్క క్షణం ఆగి, నేను చెప్పినదాంట్లో ఏది సరికాదనుకుంటున్నావని అడుగుతాడు. అడిగినవాడు బిక్కమొహం వేస్తాడు. తప్పు ఎక్కడ జరిగిందో ఇద్దరికీ తెలియదు. ఆ విద్యార్థి మళ్లీ అడగడానికి వెనకాడతాడు. నష్టమంతా అక్కడే ఉంది.

ఈ అధ్యాయం ఆ ఒక్క మాట గురించి, దానికి దగ్గరి చుట్టాలైన మాటల గురించి. ఇంత చిన్న మాటకు ఒక అధ్యాయం ఎందుకని అనిపించవచ్చు. ఇది ఇంగ్లీషు పరిజ్ఞానానికి మాత్రమే సంబంధించిన సంగతైతే నిఘంటువు చూసుకోమంటే సరిపోయేది. కాని మన మనసులో ఉన్నది తెలియకపోవడమా, నమ్మకపోవడమా, లేక ఏదో జరిగే ఉంటుందని గట్టిగా అనిపించడమా? ఈ మూడింటినీ విడదీసి చూసుకోగలిగినవాళ్లే ఏ భాషలోనైనా సూటిగా మాట్లాడగలరు. ఇంగ్లీషు ఈ మూడింటికీ మూడు మాటలు పెట్టుకుంది: క్వశ్చన్, డౌట్, సస్పిషన్. మనం మూడింటినీ డౌటు అనే ఒక్క మాటతో సరిపెట్టుకుంటున్నాం.

తెలియకపోవడం వేరు, నమ్మకపోవడం వేరు

డౌట్ అనే మాటకు మూలం లాటిన్‌లోని "దుబితారే". రెండు అనే అర్థమున్న "దువో"తో దానికి చుట్టరికం ఉంది. అటా ఇటా అని రెండు దారుల మధ్య ఊగిసలాడటం దాని తొలి భావం. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని స్పెల్లింగులో "బి" అక్షరం లేదు. లాటిన్ మీద గౌరవంతో పండితులు తర్వాతి కాలంలో మూలాన్ని గుర్తుచేసేలా దాన్ని చేర్చారు. రాసేవాళ్లు ఒప్పుకున్నారు గాని పలికేవాళ్లు ఒప్పుకోలేదు. అప్పు అనే అర్థమున్న "డెట్" కథ కూడా ఇదే. రాతలో ఉన్న బి నోటికి ఎందుకు రాదని మీ పిల్లలు అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే.

ఇప్పటి ఇంగ్లీషులో డౌట్ ఆ రెండు దారుల నడుమ సమంగా నిలబడి లేదు. "కాదేమో" అనే వైపుకు మొగ్గింది. "ఐ డౌట్ ఇట్" అంటే "నాకు తెలియదు" అని కాదు, "అలా అని నేననుకోను" అని. అందుకే ఒకరి మాట మీద మీకు డౌట్ ఉందన్నారంటే ఆ మాట నిలవదని మీరు అనుకుంటున్నట్టే లెక్క. తెలుసుకోవాలన్న కోరిక ఒక్కటే మీ మనసులో ఉంటే ఆ పనికి క్వశ్చన్ ఉంది. "ఐ హావ్ ఎ క్వశ్చన్." ఇంతే. దీనికన్నా గొప్ప మాట వెతకనక్కర్లేదు. కొందరు క్వశ్చన్ అంటే నిలదీసినట్టుంటుందేమోనని జంకుతారు. తెలుగులో "ప్రశ్నించాడు" అంటే ఎదురు తిరిగాడనే ధ్వని ఉంది కాబట్టి ఆ జంకు సహజమే. ఇంగ్లీషులో "క్వశ్చన్" నామవాచకంగా ఉన్నంతసేపూ ఆ ధ్వని లేదు. క్రియగా మారి "ఐ క్వశ్చన్ యువర్ డెసిషన్" అయినప్పుడే నిలదీత వస్తుంది.

ఈ తడబాటు మన ఒక్కరిదే కాదు. స్పానిష్‌లో "దూదా", పోర్చుగీసులో "దూవిదా" అన్నవి కూడా అదే లాటిన్ మూలం నుంచి వచ్చినవే. ఆ భాషల్లో పిల్లలు మాస్టారిని అడిగేదాన్ని ఆ మాటతోనే చెబుతారు. వాళ్లు ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు మనలాగే "ఐ హావ్ ఎ డౌట్" అంటారు. ఇంగ్లీషు నేర్పే టీచర్లకు ఇది బాగా తెలిసిన సంగతి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. భారతీయ ఇంగ్లీషులో డౌట్ అంటే అడగవలసిన విషయం అనే అర్థం స్థిరపడిపోయింది. చెన్నై నుంచి ఢిల్లీ దాకా కోచింగ్ సెంటర్లలో డౌట్ క్లాసులు నడుస్తున్నాయి. మనలో మనం ఆ మాట వాడుకుంటే అందులో తప్పేమీ లేదు. తరగతిలో "డౌట్ సార్" అన్న పిల్లవాణ్ని ఆపి, డౌట్ కాదు క్వశ్చన్ అనాలని దిద్దే టీచరు ఆ పిల్లవాడి భాషకు చేసే మేలు కన్నా ధైర్యానికి చేసే కీడే ఎక్కువ. ముందు అడగనివ్వాలి. ఎదుట ఉన్నది మనవాళ్లు కానప్పుడు, ముఖ్యంగా రాతలో, మాట మార్చుకోవాలి. ఎందుకంటే ఎదురుగా ఉంటే మన మొహం చూసి అర్థం చేసుకుంటారు, ఈమెయిల్‌కు మొహం ఉండదు. "డౌట్ రిగార్డింగ్ ఇన్వాయిస్" అనే శీర్షికతో ఉత్తరం అందుకున్న విదేశీ అకౌంటెంటు, మీరు ఆ బిల్లును ఒప్పుకోవడం లేదని అనుకోవచ్చు. "క్వశ్చన్ అబౌట్ ఇన్వాయిస్" అంటే తేలిగ్గా తెరిచి జవాబు రాస్తాడు.

దీని వెంటే వచ్చే మరో మాట "క్లారిఫై". "ఐ వాంట్ టు క్లారిఫై మై డౌట్" అని మనవాళ్లు రోజూ అంటుంటారు. తెలుగులో మనం "క్లారిఫై చేసుకుంటాను" అంటాం. ఆ "కొను" అనే చిన్న ప్రత్యయం పని ఫలితాన్ని మనవైపు తిప్పుతుంది. చెప్పడం వేరు, చెప్పించుకోవడం వేరు. ఇంగ్లీషు క్రియకు ఈ సౌకర్యం లేదు. "ఐ వాంట్ టు క్లారిఫై" అంటే ఇంతకుముందు నేనన్నదాన్ని నేనే వివరిస్తానని అర్థం. ఎదుటివాళ్లు మీ వివరణ కోసం ఎదురుచూస్తారు, మీరు వాళ్ల వివరణ కోసం ఎదురుచూస్తారు. కాన్ఫరెన్సు కాల్‌లో అర్థంకాని నిశ్శబ్దాలు కొన్ని ఇలా పుట్టినవే. వివరించాల్సింది వాళ్లయితే "కుడ్ యూ క్లారిఫై" అని వాళ్లనే కర్తను చేయండి.

క్వెరీ, ఎంక్వైరీల సంగతి చెప్పి ముందుకు వెళ్తాను. క్వెరీ బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో, ప్రచురణ సంస్థల్లో వాడే కాస్త కాగితపు వాసన ఉన్న మాట. సాఫ్ట్‌వేర్ వాళ్లకైతే డేటాబేస్‌ను అడిగేది. ఎంక్వైరీ అంటే రైల్వే కౌంటరు, 139 నంబరు గుర్తొస్తాయి మనకు. కాని "ఆయన మీద ఎంక్వైరీ వేశారు" అన్నా మనకు అర్థమవుతుంది. బ్రిటిష్ వాళ్లు సమాచారం అడగడానికి "ఇ"తో మొదలయ్యే స్పెల్లింగును, అధికారిక విచారణకు "ఐ"తో మొదలయ్యేదాన్ని ఎక్కువగా వాడతారు. మన 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం పేరులో ఉన్నది రెండోదే. అమెరికన్లు రెండింటికీ ఐ అక్షరమే వాడతారు.

అనుమానం ఎటు మొగ్గింది?

అసలైన చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. డౌట్, సస్పెక్ట్ అనేవి పర్యాయపదాల నిఘంటువులో పక్కపక్కనే కనిపించినా అర్థంలో ఎదురెదురుగా నిలబడతాయి. "ఐ డౌట్ హీ టుక్ ద మనీ" అంటే డబ్బు అతను తీయలేదనుకుంటున్నానని. "ఐ సస్పెక్ట్ హీ టుక్ ద మనీ" అంటే అతనే తీశాడనుకుంటున్నానని. తెలుగులో రెండు చోట్లా అనుమానం అనే మాటే పడుతుంది. అతను తీశాడన్నది అనుమానమే, అతను తీశాడని అనుమానం. అక్షరాల్లో తేడా ఎంత చిన్నదో, అర్థంలో అంత పెద్దది.

ఆఫీసులో ఇది ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. రాత్రి పదకొండు గంటలకు వెబ్‌సైటు ఆగిపోయింది. హైదరాబాద్‌లో ఉన్న ఇంజనీరుకు లోపం డేటాబేస్‌లోనే ఉందని అనిపించింది. మనసులో అనుకున్నది "డేటాబేస్ మీదే నాకు డౌటు" అని. అమెరికాలో ఉన్న టీమ్‌కు రాసింది "ఐ డౌట్ ద ప్రాబ్లమ్ ఈజ్ ఇన్ ద డేటాబేస్" అని. అవతలివాళ్లు చదివింది "డేటాబేస్‌లో సమస్య ఉండకపోవచ్చు" అని. వాళ్లు డేటాబేస్ తప్ప మిగతావన్నీ వెతుకుతారు. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో దోషం లేదు కాబట్టి ఎవరికీ తప్పు కనిపించదు. వ్యాకరణం తప్పిన వాక్యం కన్నా ఇలా నున్నగా ఉండి ఎదురర్థం ఇచ్చే వాక్యమే ప్రమాదం.

డాక్టరుతో మాట్లాడేటప్పుడూ అంతే. "సస్పెక్టెడ్ డెంగీ" అంటే లక్షణాలు డెంగీవైపు చూపిస్తున్నాయి, పరీక్ష చేసి నిర్ధారించుకోవాలని. "ఐ డౌట్ ఇట్స్ డెంగీ" అంటే డెంగీ అయి ఉండదని. విదేశంలో పిల్లల దగ్గరున్న తల్లిదండ్రులు అక్కడి క్లినిక్‌లో ఈ రెండోమాట విని కంగారుపడనక్కర్లేదు, అది ఊరట చెప్పే మాట.

మనకు ఈ తేడా ఎందుకు తట్టదంటే తెలుగుకు ఆ తేడా తెలియక కాదు. తెలుగుకు బాగా తెలుసు. ఇంగ్లీషు ఆ తేడాను వేరువేరు మాటలతో చూపిస్తుంది, తెలుగు వాక్యం చివర చూపిస్తుంది. "రవి వచ్చాడో లేదో" అన్నప్పుడు మనం ఎటూ మొగ్గలేదు, కేవలం తెలియదు. "రవి వచ్చేది డౌటే" అన్నప్పుడు రాడనే అనుకుంటున్నాం. "రవి వచ్చి వెళ్లిపోయాడేమో" అన్నప్పుడు వచ్చాడనే వైపు మొగ్గాం. ఓ లేదో, డౌటే, ఏమో. ఈ మూడు చివరలు ఇంగ్లీషులో మూడు దారులకు పోతాయి. మొదటిదానికి "ఐయామ్ నాట్ షూర్ వెదర్" అనాలి, లేదా నేరుగా ప్రశ్న అడగాలి. రెండోదానికి "ఐ డౌట్" సరిపోతుంది. విచిత్రం ఏమిటంటే "వాన పడేది డౌటే" అనే వాడుకలో మనం ఇంగ్లీషు అర్థాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకున్నాం. మూడోదానికి "ఐ సస్పెక్ట్" కావాలి, లేదా "ఐ థింక్", "ఇట్ లుక్స్ లైక్" కావాలి.

కాబట్టి ఇంగ్లీషులో ఈ మాటల దగ్గర తడబడుతున్నవాళ్లకు నేను చెప్పే అభ్యాసం ఇదొక్కటే. వాక్యాన్ని ముందు తెలుగులో, డౌటు అనే మాట లేకుండా, పూర్తిగా అనుకోండి. డౌటు తీసేస్తే వాక్యం చివర తప్పనిసరిగా బయటపడుతుంది. "వాడి మీద డౌట్ కొడుతోంది" అనుకున్నారనుకోండి. డౌటు లేకుండా చెప్పమంటే "వాడే చేసుంటాడు" అని వస్తుందా, "వాడు చెప్పేది నిజం కాదు" అని వస్తుందా, "వాడు చేయగలడో లేదో" అని వస్తుందా? మొదటిదైతే "ఐ సస్పెక్ట్ హిమ్". రెండోదైతే "ఐ డౌట్ హిమ్". మూడోదైతే "ఐయామ్ నాట్ షూర్ హీ కెన్ డూ ఇట్". ఏదైనా సరే "డౌట్ ఆన్ హిమ్" మాత్రం కాదు. తెలుగులోని "మీద"ను ఇంగ్లీషులోకి మోసుకెళ్లడం వల్ల వచ్చే రూపం అది. తలుపు తాళం మర్చిపోయామేమోనన్న ఆలోచనకైనా, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమోనన్న గాభరాకైనా ఇదే పరీక్ష పనిచేస్తుంది. కొన్నాళ్లు రోజువారీ మాటల మీద సాధన చేస్తే, అత్యవసరంగా ఈమెయిల్ రాయాల్సిన వేళ చెయ్యి దానంతటదే సరైన మాటను ఎంచుకుంటుంది.

మాట ప్రయాణాలు

డౌట్‌కు "జరిగే ఉంటుంది" అనే అర్థం ఇంగ్లీషులో ఎన్నడూ లేదనుకుంటే పొరపాటు. షేక్‌స్పియర్ కాలంలో ఉండేది. హామ్లెట్ నాటకంలో కొడుకు మతి చలించడానికి కారణం ఏమై ఉంటుందో తన మనసులో మాట చెప్పేటప్పుడు రాణి గెర్ట్రూడ్ వాడే క్రియ డౌట్. ఆమెకు నమ్మకం లేక కాదు, తండ్రి మరణం, తన తొందరపాటు పెళ్లి కారణమై ఉంటాయని ఆమె గట్టిగానే అనుకుంటోంది. అదే అంకంలో ఒఫీలియాకు హామ్లెట్ రాసిన ప్రేమలేఖను పొలోనియస్ చదువుతాడు. ఆ లేఖలో డౌట్ పక్కపక్క పాదాల్లోనే ఒకచోట "నమ్మకు" అనీ, ఇంకోచోట "అనుమానించు" అనీ రెండు అర్థాల్లో పడుతుంది. స్కాట్లండ్‌లో ఇప్పటికీ మబ్బు చూసి "ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్" అంటే వాన పడేలా ఉందని అర్థం. లండన్‌లో అదే వాక్యానికి వాన పడదని అర్థం. గ్లాస్గోలో ఉద్యోగం చేస్తున్న తెలుగువారు ఈ ఒక్క విషయంలో అదృష్టవంతులు, వాళ్ల డౌటు అక్కడ మన అనుమానంలాగే చెల్లుతుంది.

మన అనుమానం కూడా దూరప్రయాణం చేసి వచ్చిందే. న్యాయశాస్త్రంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, అనుమానం అంటే శంక కాదు, ఒక ప్రమాణం, తెలుసుకునే సాధనం. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తెలుసుకోవడం అనుమానం. హిందీలో "అనుమాన్" ఇప్పటికీ అంచనా అనే అర్థంలో ఉంది. తెలుగులోకి వచ్చేసరికి అది పెనుభూతమైంది. అయినా పాత అర్థపు ఆనవాలు దానిలో మిగిలే ఉంది. మనం ఊరికే అనుమానపడం, ఏదో ఒక పొగ కనబడితేనే అనుమానపడతాం. సస్పెక్ట్ స్వభావం సరిగ్గా ఇదే: రుజువు లేదు, ఆధారం మాత్రం ఉంది. ఆ శాస్త్రానికి సూత్రాలు రాసిన గౌతముడు పదహారు పదార్థాల్లో, అంటే చర్చించాల్సిన అంశాల్లో, ప్రమాణం, ప్రమేయం తర్వాత మూడోదిగా సంశయాన్ని చెప్పాడు. మసక వెలుతురులో దూరంగా నిలువుగా కనబడేది మోడా మనిషా అన్న స్థితి సంశయానికి వాడుకగా చెప్పే ఉదాహరణ. ఎటూ మొగ్గని స్థితి అది. అక్కడి నుంచే విచారణ మొదలవుతుంది. తెలియకపోవడానికి శాస్త్రంలో అంత మర్యాదైన చోటు ఇచ్చిన సంప్రదాయం మనది. క్లాసులో చెయ్యెత్తే పిల్లవాడు ఆ చోటులోనే నిలబడి ఉన్నాడని నాకు అనిపిస్తుంది.

సస్పెక్ట్ గురించి మరికొంత. క్రియగా పలికేటప్పుడు ఒత్తు రెండో భాగం మీద పడుతుంది, మనిషిని సూచించే నామవాచకమైతే మొదటి భాగం మీద పడుతుంది. ఆ మనిషి మన పత్రికల భాషలో అనుమానితుడు. కేసు పెట్టాక నిందితుడు, కోర్టు తేల్చాక దోషి. మూడు మెట్లనూ కలిపేసి మాట్లాడటం తెలుగులోనైనా ఇంగ్లీషులోనైనా అన్యాయమే. "సస్పిషస్" అనే విశేషణం దగ్గర ఇంకో గొయ్యి ఉంది. "హీ ఈజ్ సస్పిషస్" అంటే అతను ఇతరులను అనుమానించే మనిషి కావచ్చు, అతన్నే అనుమానించాల్సి రావచ్చు. తెలుగు అనుమానపు మనిషిని వేరుగా, అనుమానాస్పదమైన మనిషిని వేరుగా చెబుతుంది. ఇంగ్లీషులో ఆ పని "ఆఫ్" చేస్తుంది. "సస్పిషస్ ఆఫ్ స్ట్రేంజర్స్" అంటే కొత్తవాళ్లను నమ్మని మనిషి. ఇంత చెప్పినా సస్పెక్ట్ ఎప్పుడూ నేరాల మాటే అనుకోవద్దు. "ఐ సస్పెక్ట్ యూ విల్ లైక్ దిస్ బుక్" అంటే ఈ పుస్తకం మీకు నచ్చుతుందని నా ఊహ అని, ఆప్యాయంగా అన్న మాట.

కోర్టుల వల్ల మనకు పరిచయమైన రెండు పలుకుబళ్లున్నాయి. క్రిమినల్ కేసులో నేరం "బియాండ్ రీజనబుల్ డౌట్" రుజువు కావాలి. ఇక్కడ బరువంతా రీజనబుల్ మీద ఉంది. ఊహకు తోచిన ప్రతి శంకా లెక్కలోకి రాదు, హేతువున్న శంక మిగిలితే మాత్రం శిక్ష వేయకూడదు. అలా మిగిలినప్పుడు నిందితుడికి దక్కేదే "బెనిఫిట్ ఆఫ్ డౌట్". క్రికెట్ చూసేవాళ్లకు ఇది బ్యాటరు పక్షాన విని అలవాటైన మాట. ఇళ్లలోనూ పనికొస్తుంది. ఫోన్ ఎత్తని స్నేహితుడి గురించి "అయామ్ గివింగ్ హిమ్ ద బెనిఫిట్ ఆఫ్ ద డౌట్" అంటే, కావాలని ఎత్తలేదని అనుకోను, ఏ పనిలో ఉన్నాడో అని.

నో డౌట్ అంటే నిజంగానే డౌటు లేనట్టా?

"సినిమా హిట్టు, నో డౌట్!" అని మనం అన్నప్పుడు నూటికి నూరుపాళ్లు ఖాయమని. ఇంగ్లీషులో "నో డౌట్"కు అంత బలం లేదు. "నో డౌట్ హీ ఈజ్ టైర్డ్" అంటే అలసిపోయి ఉంటాడులే అని. పైగా చాలాసార్లు దాని వెనక ఒక "బట్" వస్తుంది. "నో డౌట్ యూ వర్క్‌డ్ హార్డ్, బట్..." అని మేనేజరు మొదలుపెడితే ఆ మొదటి సగాన్ని మెచ్చుకోలుగా దాచుకోకండి. "కష్టపడి ఉంటారు, కాదనను, అయితే" అని దాని సారం. "డౌట్‌లెస్" కూడా అంతే బలహీనం, లెస్ చూసి మోసపోతాం. నిజంగా ఖాయమని చెప్పాలంటే "వితౌట్ ఎ డౌట్", "అన్‌డౌటెడ్లీ" కావాలి. ఇంకా తేలిగ్గా "డెఫినిట్లీ" చాలు. ఉద్యోగ దరఖాస్తులో "నో డౌట్ ఐ కెన్ డూ దిస్ జాబ్" అని రాస్తే ఆత్మవిశ్వాసం కనబడుతుందని కొందరు అనుకుంటారు. చదివేవాళ్లకు అది "చేయగలననే అనుకుంటా" అన్నట్టు వినబడవచ్చు.

వ్యాకరణం సంగతి క్లుప్తంగా. "ఐ యామ్ డౌటింగ్", "ఐ యామ్ హావింగ్ ఎ డౌట్" అని కొనసాగే రూపంలో మామూలుగా వాడరు, "ఐ డౌట్" చాలు. "డౌట్" వెంట "ఇఫ్", "వెదర్", "దట్" మూడూ వస్తాయి. "ఐ డోంట్ డౌట్" అన్నప్పుడు మాత్రం "దట్" ఒక్కటే కుదురుతుంది.

ఒప్పుకోలేదని మర్యాదగా చెప్పడం

ఒక్కోసారి మనకు నిజంగానే నమ్మకం ఉండదు. పై అధికారి చెప్పిన పద్ధతి పనిచేయదని తెలుస్తూనే ఉంటుంది. అప్పుడు డౌట్ సరైన మాటే, కాని సూటిగా తగులుతుంది. ఇలాంటి చోట ఇంగ్లీషు ఆఫీసుల్లో ఎక్కువగా వినబడేది "కన్సర్న్". "ఐ హావ్ ఎ కన్సర్న్ అబౌట్ ద డెడ్‌లైన్" అంటే గడువు విషయంలో ఇబ్బంది కనబడుతోందని. ఇది క్వశ్చన్ కన్నా బరువైనది. మామూలు ప్రశ్నకు కన్సర్న్ వాడితే అవతలివాళ్లు అనవసరంగా కంగారుపడతారు, పెద్ద ప్రమాదాన్ని క్వశ్చన్ అని చిన్నది చేస్తే ఎవరూ పట్టించుకోరు. "రిజర్వేషన్స్" ఇంకా మెత్తటి మాట. మన చెవిలో ఆ మాటకు రైలు బెర్తు, విద్యా ఉద్యోగాల కోటా తప్ప ఇంకేమీ మెదలదు గాని, "ఐ హావ్ సమ్ రిజర్వేషన్స్" అంటే పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నానని. "మిస్‌గివింగ్స్" అంటే ఇది మంచికి దారితీయదేమోనన్న లోపలి గుబులు. "క్వామ్స్" అంతరాత్మకు సంబంధించినది, పని జరుగుతుందా అని కాదు, ఇలా చేయడం సబబేనా అని. "స్కెప్టికల్" అంటే రుజువు చూపితే ఒప్పుకుంటాననే వైఖరి. ఎవరైనా మీ ప్రతిపాదన గురించి "ఐయామ్ స్కెప్టికల్" అంటే తలుపు మూసేసినట్టు కాదు, లెక్కలు తెమ్మన్నట్టు.

మాట ఏదైనా, దాని వెనక విషయం ఉండాలి. "ఐ హావ్ సమ్ క్వశ్చన్స్" అని ఆగిపోయిన ఈమెయిల్‌కు జవాబు రాయడం ఎవరికైనా కష్టం. ఏ పేజీ, ఏ వరుస, ఎంతవరకు అర్థమైంది, ఎక్కడ ఆగింది అన్నది ఆ వాక్యం వెంటనే రావాలి. "మూడో అధ్యాయం అర్థం కాలేదు" అనే విద్యార్థికి ప్రొఫెసర్ మళ్లీ చదవమంటాడు. "మూడో అధ్యాయంలో రెండో సమీకరణం నుంచి మూడోదానికి ఎలా వెళ్లారో తెలియలేదు, నేను ఇక్కడిదాకా చేశాను" అనే విద్యార్థికి కుర్చీ చూపిస్తాడు. అమెరికా యూనివర్సిటీల్లో ప్రొఫెసర్లు ఇలా కూర్చుని చెప్పడానికే వారంలో కొన్ని గంటలు ఆఫీస్ అవర్స్‌గా కేటాయిస్తారు. కొత్తగా వెళ్లిన మనవాళ్లలో ఆ గంటలను వాడుకోనివాళ్లు చాలామంది. ఇబ్బంది పెడతామేమోనని మొహమాటపడతారు. అది వాళ్ల కోసమే ఉంచిన సమయం, ఫీజు కట్టింది అందుకు కూడా.

చివరగా, ఈ మాట మీ నోటి నుంచి కాక అవతలివాళ్ల నోటి నుంచి వచ్చినప్పుడు. శుక్రవారానికి పని పూర్తవుతుందా అని క్లయింటును అడిగారు. "ఐ డౌట్ ఇట్" అన్నాడు. మన చెవికి అది "చెప్పలేను, చూద్దాం" అని వినబడి ఆశ మిగులుతుంది. శుక్రవారం సాయంత్రం దాకా ఎదురుచూస్తాం. అతను చెప్పింది "కాదు" అని, మర్యాదగా చెప్పాడంతే. వీసా కాగితాలు ఈ వారంలో వస్తాయా, ఈ ఇల్లు ఆ ధరకు ఇస్తారా, బిడ్డకు ఈ స్కూల్లో సీటు దొరుకుతుందా, ఎక్కడ "ఐ డౌట్ ఇట్" విన్నా లేదనే రాసుకోండి. రాసుకుని, వెంటనే రెండో ప్రశ్న అడగండి: "వెన్ డూ యూ థింక్ ఇట్ విల్ బీ రెడీ?" మీకు కావలసిన తేదీ ఆ జవాబులో ఉంటుంది.